స్కూలు బౌండరీ మార్పు: బోర్డు ముందు ఏ లెక్కలు పెట్టాలి?

ప్రశ్న

అమెరికాలో ఉన్న తల్లిదండ్రులందరికీ నమస్తే. మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో రెండు హైస్కూళ్ల మధ్య బౌండరీ, అంటే ఏ వీధుల పిల్లలు ఏ స్కూలుకు వెళ్లాలన్న హద్దు, మారుస్తున్నారు. ఒకదాని కెపాసిటీ 2,000, చదివేది 2,460 మంది. పక్కదాని కెపాసిటీ 1,800, చదివేది 1,510 మంది. ఉచితంగా లేదా తగ్గింపు ధరకు భోజనం పొందే పిల్లలు మొదటి దాంట్లో 12 శాతం, రెండో దాంట్లో 46 శాతం. మొదటి దాన్నుంచి రెండో దానికి 250 మందిని పంపడానికి రెండు మ్యాపులు పెట్టారు. ఒకదాంట్లో సొంతిళ్ల సబ్‌డివిజన్లు (కాలనీలు) కదులుతాయి, రెండో దాంట్లో హైవే పక్క అపార్ట్‌మెంట్లు. వాట్సాప్ గ్రూపుల్లో ఇళ్ల ధరలు పడిపోతాయని కొందరు, డైవర్సిటీ కోసం పిల్లల్ని దూరం పంపుతున్నారని ఇంకొందరు వాదించుకుంటున్నారు. మూడు వారాల్లో పబ్లిక్ హియరింగ్ ఉంది, మనిషికి రెండు నిమిషాలే. ఏ మ్యాపు మంచిదో ఎలా తేల్చుకోవాలి, ఏం మాట్లాడాలి?

జవాబు 1

ముందు రెండు స్కూళ్లనూ కలిపి కూడండి. కెపాసిటీ 3,800, పిల్లలు 3,970. అంటే 104 శాతం. గీత ఎక్కడ గీసినా మిగిలిన 170 మందికి సీట్లు పుట్టవు. 250 మంది వెళ్లాక కూడా మొదటి స్కూలు 2,210 మందితో 110 శాతం దాటే ఉంటుంది. రెండోది 1,760తో 98కి చేరి నిండిపోతుంది. అందుకే స్కూల్ బోర్డును అన్నిటికంటే ముందు అడగాల్సింది: అదనపు గదులకో కొత్త స్కూలుకో క్యాపిటల్ ప్లాన్‌లో (కట్టడాల ఖర్చు ప్రణాళికలో) డబ్బు ఏ ఏడాదికి పెట్టారు? పెట్టకపోతే కొన్నేళ్లకు అవే వీధుల పిల్లలు మళ్లీ స్కూలు మారాలి. తల్లిదండ్రులకు ఒళ్లు మండేది అక్కడే, అది న్యాయమే.

రద్దీ వరకూ చూస్తే రెండు మ్యాపులూ సమానం. తేడా ఇంకోచోట ఉంది. ఇప్పుడు మొదటి స్కూల్లో భోజన అర్హులు సుమారు 295 మంది, రెండో దాంట్లో 695. సబ్‌డివిజన్ల నుంచి వెళ్లే 250 మందిలో అర్హులు 20 మంది అనుకుందాం. అప్పుడు రెండో స్కూలు 46 నుంచి 40.6 శాతానికి దిగుతుంది, మొదటిది 12.4 దగ్గర ఉంటుంది. అపార్ట్‌మెంట్ల 250 మందిలో 100 మంది అర్హులైతే, రెండోది 45 దగ్గరే ఆగిపోతుంది, మొదటిది 8.8కి పడిపోతుంది. కదిలేది అంతే మంది పిల్లలు, కానీ ఒక మ్యాపు రెండు స్కూళ్ల మధ్య దూరం తగ్గిస్తుంది, ఇంకోటి పెంచుతుంది. ఈ 20, 100 నేను ఊహించినవి. అసలు అంకెలు ప్లానింగ్ బ్లాకుల (హద్దులు గీయడానికి డిస్ట్రిక్ట్ విడగొట్టుకున్న చిన్న ప్రాంతాల) వారీగా డిస్ట్రిక్ట్ దగ్గర ఉంటాయి, మీ రాష్ట్ర పబ్లిక్ రికార్డుల చట్టం కింద రాసి అడగండి. మూడు వారాలే ఉన్నాయి కాబట్టి ఈరోజే పంపండి. చిన్న బ్లాకుల్లో పిల్లల్ని గుర్తుపట్టే వీలుంటే అంకెలు దాచేస్తారు. అందుకని నాలుగైదు బ్లాకులు కలిపి మొత్తం ఇమ్మనండి.

జవాబు 2

పై లెక్క సరైనదే, కానీ 2,000 అన్న కెపాసిటీనే ముందు విప్పి చూడాలి. హైస్కూల్లో టీచర్ పాఠాలు సిద్ధం చేసుకునే ప్లానింగ్ పీరియడ్‌లో గది ఖాళీగా ఉంటుంది. అందుకని గదుల సంఖ్యను తరగతి సైజుతో గుణించి, మళ్లీ 0.85 లాంటి ఒక గుణకంతో తగ్గిస్తారు. 94 గదులు, గదికి 25 మంది అయితే 2,350. దాన్ని 0.85తో గుణిస్తే దాదాపు 2,000. అదే గుణకాన్ని 0.90 చేస్తే 2,115. ఒక్క ఇటుక పెట్టకుండా కాగితం మీద 115 సీట్లు పుట్టుకొచ్చాయి! పాత రిపోర్టులో, కొత్త రిపోర్టులో ఒకే గుణకం వాడారో లేదో చూడండి. స్పెషల్ ఎడ్యుకేషన్ గదుల్లో పది మందే కూర్చుంటారు, వాటిని 25 లెక్కన కలిపారేమో అడగండి. పార్కింగ్ లాట్‌లో పెట్టిన పోర్టబుల్స్‌ను (తాత్కాలిక తరగతి గదుల్ని) కెపాసిటీలో కలిపారేమో కూడా.

పోర్టబుల్స్ తరగతి గదులకే పరిష్కారం. కారిడార్లు, బాత్‌రూములు, జిమ్, క్యాఫెటీరియా పెరగవు. క్యాఫెటీరియాలో 600 మంది పడితే 2,460 మందికి నాలుగు షిఫ్టులు చాలవు, ఐదోది పెట్టాలి. అప్పుడు మొదటి లంచ్ పదిన్నరకే మొదలవుతుంది, ఆ పిల్లాడు ఇంటికొచ్చేసరికి ఆకలితో నకనకలాడుతుంటాడు. శాతాల కంటే ఇలాంటి సంగతి బోర్డు సభ్యుల చెవికి బాగా ఎక్కుతుంది.

ఇక రాబోయే సంఖ్యల అంచనా. ఎనిమిదో తరగతిలో ఉన్నవాళ్లలో ఎంతమంది తొమ్మిదికి వస్తున్నారో నాలుగైదేళ్ల సగటు తీసి ముందుకు లెక్కగడతారు. కొత్త ఇళ్లకు ఇంటికింతమంది పిల్లలని కలుపుతారు. ఆ సగటుకు ఇరవై ఏళ్ల సబ్‌డివిజన్‌లో పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోవడం, ఆ ఇళ్లు చిన్న పిల్లలున్న కుటుంబాలు కొనడం తెలియదు. గత ఐదేళ్ల అంచనాల్నీ నిజంగా చేరినవాళ్లనీ పక్కపక్కన పెట్టిన పట్టిక అడగండి.

జవాబు 3

డైవర్సిటీ మాట ఎత్తగానే కొందరు చట్టవిరుద్ధం అంటున్నారు, ఇంకొందరు చట్టం ప్రకారం తప్పదంటున్నారు. రెండూ పొరపాటే. 2007లో సియాటిల్, లూయీవిల్ కేసుల్లో సుప్రీంకోర్టు 5-4తో ఒక్కో పిల్లవాడి జాతి చూసి స్కూలు కేటాయించడాన్ని కొట్టేసింది. కానీ ఆ ఐదుగురిలో ఒకరైన జస్టిస్ కెనెడీ విడిగా రాసిన అభిప్రాయంలో, ఏ పేటలో ఎవరుంటున్నారో గమనించి హద్దులు గీయవచ్చన్నారు, కొత్త స్కూలు స్థలం ఎంచుకోవచ్చన్నారు. కుటుంబ ఆదాయం చూడటానికి ఆ తీర్పు అడ్డు రాదు. నార్త్ కరొలైనాలోని వేక్ కౌంటీ 2000 నుంచి ఏ స్కూల్లోనూ భోజన అర్హులు 40 శాతం దాటకూడదన్న లక్ష్యంతో నడిచింది. 2010లో కొత్త బోర్డు మెజారిటీ దాన్ని పక్కన పెట్టేసింది. అందుకే బోర్డు ఎన్నికల్లో ఓటు వేయగలిగిన ప్రతి ఒక్కరూ వేయాలి. మనవాళ్లలో గ్రీన్‌కార్డు, హెచ్‌1బీ వాళ్లకు చాలా చోట్ల ఆ ఓటు లేదు. కానీ హియరింగ్‌లో మాట్లాడటానికి సాధారణంగా పౌరసత్వం అడగరు. వెళ్లండి.

46 శాతం అన్న అంకెతో ఒక జాగ్రత్త. పేదరిక రేఖకు 130 శాతం లోపు ఆదాయమైతే ఉచితం, 185 లోపు తగ్గింపు ధర. అందరికీ ఉచిత భోజనం పెట్టే సీఈపీ పథకంలో ఉన్న స్కూల్లో మాత్రం దరఖాస్తులే ఉండవు. స్నాప్ (పేద కుటుంబాలకు ఆహార సాయం) లాంటి పథకాల ద్వారా నేరుగా గుర్తించిన పిల్లల శాతం తీసుకుని, ప్రభుత్వం డబ్బు చెల్లించడానికి దాన్ని 1.6తో గుణిస్తారు. ఒక స్కూలు ఆ పద్ధతిలో, ఇంకోటి దరఖాస్తుల పద్ధతిలో ఉంటే రెండు శాతాల్నీ పోల్చకూడదు. రెండు చోట్లా నేరుగా గుర్తించిన పిల్లల సంఖ్యనే అడగండి.

అపార్ట్‌మెంట్ల పిల్లల్ని పంపితే ఎక్కువ నష్టపోయేది వాళ్లే. కారు లేని ఇంట్లో, స్కూలు అయ్యాక రోబోటిక్స్‌కో ఫుట్‌బాల్‌కో ఆగిన పిల్లాడికి ఆలస్యంగా ఇంటికి చేర్చే లేట్ బస్సు లేకపోతే ఆ కార్యక్రమం లేనట్టే. ఏ మ్యాపు అయినా లేట్ బస్సు కావాలని గట్టిగా అడగండి. పైగా అపార్ట్‌మెంట్ల వాళ్లు హియరింగ్‌కు రాలేకపోతే వాళ్ల మాట ఎవరూ చెప్పరు. స్పానిష్‌లో నోటీసు వెళ్లిందా, సమావేశం వాళ్లకు కుదిరే వేళలో పెట్టారా అని అడగడం మన పనే.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. పదకొండు, పన్నెండు తరగతుల వాళ్లను కదపరని అంటున్నారు. నిజమేనా?

జవాబు 1

అది బోర్డు విడిగా ఓటేసి నిర్ణయించే విషయమండీ, దానంతటదే రాదు. గ్రాండ్‌ఫాదరింగ్ అంటారు. మినహాయింపు ఇచ్చినా చాలా చోట్ల బస్సు ఇవ్వరు, మీరే దింపాలి. తమ్ముడికీ చెల్లికీ అది వర్తిస్తుందా అన్నది వేరుగా అడగాలి. లేకపోతే ఒకే ఇంటి పిల్లలు రెండు స్కూళ్లకు, రెండు టైములకు పోవాలి. అలాగని అందరికీ మినహాయింపు అడిగితే రద్దీ తగ్గదు. 250 మంది నాలుగు తరగతుల్లో ఉంటే తరగతికి 62-63 మంది. పై రెండు తరగతుల్ని వదిలేస్తే మొదటి ఏడాది కదిలేది 125 మందే, మొదటి స్కూలు 2,335 దగ్గరే ఉంటుంది.

రెండు నిమిషాలంటే మామూలు వేగంతో తెలుగులో అయినా ఇంగ్లిష్‌లో అయినా ఒక పేజీకి మించదు. ఇళ్ల ధర ఊసెత్తకండి, దాని మీద బోర్డు చేయగలిగింది ఏమీ లేదు. బ్లాకు నంబరు చెప్పి, ఏ సవరణ కావాలో ఒక్క వాక్యంలో చెప్పి, దానివల్ల రెండు స్కూళ్ల శాతాలు ఎలా మారతాయో నాలుగు అంకెలు చదవండి. పదిమంది వెళ్తుంటే పదిమందీ అదే చదవకుండా ఒకరు కెపాసిటీ, ఒకరు లంచ్ షిఫ్టులు, ఒకరు లేట్ బస్సు పంచుకోండి. చాలా చోట్ల పేరు ముందే నమోదు చేసుకోవాలి, హియరింగ్ రోజు కంటే ముందే లిస్టు మూసేస్తుంటారు.