కో-పైలట్‌కి 1500 గంటలు ఉండాలా, 200 చాలా?

గోపి_హైదరాబాద్:
మా తమ్ముడు సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేస్తున్నాడు. ఇక్కడ 200 గంటలు ఎగిరి, టైప్ రేటింగ్ (ఒక రకం విమానానికి ప్రత్యేక శిక్షణ) చేస్తే ఎయిర్‌బస్‌లో కో-పైలట్ సీటెక్కొచ్చు. అమెరికాలో 2013 దాకా 250 సరిపోయేవి, ఇప్పుడు 1500 అడుగుతున్నారు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా పెంచాల్సిందే. వెనక కూర్చునేది మనమే కదా.

లక్ష్మి_వైజాగ్:
గోపి గారూ, ఆ రూలు ఎందుకొచ్చిందో చూశారా? 2009 ఫిబ్రవరి 12 రాత్రి అమెరికాలో బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 విమానం కూలింది. విమానంలో 49 మంది, కింద ఇంట్లో ఒకరు పోయారు. కెప్టెన్‌కి మూడు వేల పైచిలుకు గంటలున్నాయి, కో-పైలట్‌కి రెండు వేల పైన. అప్పటికే 1500 రూలుండి ఉంటే ఆ ఇద్దరిలో ఎవరు ఆగేవారు?

జరిగింది వేరు. మంచు కోసం ఒక స్విచ్ వేసి ఉంది. అది వేస్తే స్టాల్ (స్పీడు తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) హెచ్చరిక ఎక్కువ స్పీడులోనే వస్తుంది. వీళ్లేమో దిగడానికి మామూలు స్పీడే పెట్టుకున్నారు. ఆ హెచ్చరికగా కంట్రోల్‌ని అదిరించే స్టిక్ షేకర్ కొట్టుకునేసరికి ముక్కు దించాల్సిన కెప్టెన్ వెనక్కి లాగాడు. బాగానే ఎగురుతున్న విమానం స్టాల్ అయింది. కో-పైలట్ ఆయన చెప్పకుండానే ఫ్లాప్స్ (తక్కువ స్పీడులో విమానాన్ని మోయడానికి రెక్కల వెనక దించే పలకలు) పైకి తీసేసింది. ఆమె ముందు రాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణం చేసి డ్యూటీకొచ్చింది. ఇందులో గంటల లోటు ఎక్కడ?

రిటైర్డ్_కెప్టెన్:
సగమే చెప్పావమ్మా. చనిపోయినవాళ్ల కుటుంబాలు పట్టుబట్టి 2010లో తెప్పించిన చట్టంలో 1500 ఒక్కటే లేదు. స్టాల్ శిక్షణ, విశ్రాంతి, పాత రికార్డుల తనిఖీ అన్నీ ఉన్నాయి. హడ్సన్ నదిలో విమానం దించిన సల్లెన్‌బర్గర్ కూడా ఈ గంటలు తగ్గించొద్దనే అన్నారు. వాతావరణం తిరగబడ్డప్పుడు 200 గంటల కుర్రాడు పక్కనుంటే ఎడమ సీటులోని కెప్టెన్‌కి రెండు ఉద్యోగాలు: విమానం నడపాలి, అతన్ని కనిపెట్టుకోవాలి.

అరిజోనా_సీఎఫ్ఐ:
ఇప్పుడు ఆ గంటలు పోగేసే పనిలోనే ఉన్నా కాబట్టి చెప్తున్నా. 250 తర్వాత మాలో చాలామందికి దొరికేది సెస్నా 172 అనే చిన్న విమానంలో ఇన్‌స్ట్రక్టర్‌గా స్టూడెంట్ పక్క సీటు. అదే రన్‌వే, దాని చుట్టూ అవే సర్క్యూట్లు. జెట్‌లో ఇద్దరు పని పంచుకోవడం ఇక్కడ రాదు. అలాగని ఉత్తదేం కాదు. స్టూడెంట్ నేలకి రెండడుగుల ఎత్తులో యోక్ (విమానం స్టీరింగ్) గట్టిగా లాగినప్పుడు ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు చెయ్యి వెయ్యాలో ఏ సిమ్యులేటరూ నేర్పదు.

కానీ ఆ రూలే మిలిటరీవాళ్లకి 750, ఏవియేషన్ డిగ్రీకి 1000 అంటుంది. అంటే గంటల బదులు శిక్షణ పనికొస్తుందని వాళ్లే ఒప్పుకున్నట్టు. రిపబ్లిక్ ఎయిర్‌వేస్ అనే ఎయిర్‌లైన్ సొంత శిక్షణ చూపించి 750కి అనుమతి అడిగితే మాత్రం 2022లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కాదంది. తర్కం నాకైతే అందలేదు.

గోపి_హైదరాబాద్:
తర్కం సంగతేమో గానీ, భయం తగ్గాలిగా బ్రో.

లక్ష్మి_వైజాగ్:
మీ తమ్ముడు మిగతా 1300 గంటలు ఎక్కడ ఎగురుతాడో చెప్పండి ముందు. అమెరికాలో ఉన్నన్ని చిన్న విమానాలూ, ఫ్లయింగ్ స్కూళ్లూ మనకెక్కడివి? ఇప్పటికే ఇళ్లు తాకట్టు పెట్టి చదివిస్తున్నారు. 2011లో దొంగ మార్కుల కాయితాలతో లైసెన్సులు తెచ్చుకున్నవాళ్లు పట్టుబడ్డారు, మర్చిపోయారా? 1500 పెడితే ఆకాశంలో కంటే పెన్నుతో ఎగిరే గంటలే పెరుగుతాయి.

రిటైర్డ్_కెప్టెన్:
ఎగిరిన గంటలు రాసే లాగ్‌బుక్‌లో దొంగలున్నారని లాగ్‌బుక్కే వద్దంటావా? 1500 వద్దు సరే, 500 పెట్టి అందులో సగం రాత్రి, మబ్బు, పక్కగాలిలో ఎగరమంటే నీకు అభ్యంతరమా?