అప్‌డేట్: ఫూరియర్ మొత్తంలో తగ్గని శిఖరం సంగతి

−1, +1 విలువల మధ్య మారే చతురస్ర తరంగాన్ని ఫూరియర్ శ్రేణితో (సైన్ తరంగాలను ఒక్కొక్కటిగా కలుపుతూ) గీసినప్పుడు, పదాలు ఎన్ని కలిపినా అంచు పక్కన లేచే శిఖరం ఎందుకు తగ్గడం లేదని, నా ప్రోగ్రాంలో పొరపాటు ఉందేమోనని ఇదివరకు అడిగాను. పొరపాటు ప్రోగ్రాంలో లేదు, నా అంచనాలోనే ఉంది.

జవాబుల్లో సూచించినట్టే 50 పదాలతో మళ్లీ లెక్కించి చూస్తే, శిఖరం అంచు నుంచి సరిగ్గా π/100 దూరంలో, సుమారు 1.179 ఎత్తులో కనిపించింది. 500 పదాలకు అది π/1000 దగ్గరికి జరిగిందే తప్ప ఎత్తు దాదాపు మారలేదు. అంటే అంచు దగ్గర −1 నుంచి +1కి దూకే ఎత్తు మొత్తం 2 అయితే అందులో దాదాపు 9 శాతం అదనంగా మిగిలిపోతుంది, శిఖరం మాత్రం సన్నబడుతూ అంచుకు అతుక్కుంటుంది.

దీనిని గిబ్స్ దృగ్విషయం అంటారు. అమెరికన్ శాస్త్రవేత్త గిబ్స్ 1899లో దీన్ని వివరించినా, ఆంగ్ల గణితజ్ఞుడు విల్‌బ్రహామ్ 1848లోనే గమనించాడని, ఆ రచన ఎవరికీ పట్టలేదని తెలిసి, పేర్లు పెట్టడంలో గణిత చరిత్ర అంత న్యాయంగా ఉండదనిపించింది. లాంజోస్ గుణకాలు (పై పదాల బలాన్ని క్రమంగా తగ్గించే గుణకాలు) వాడాక శిఖరం బాగా అణిగింది, కానీ అంచు నిటారుతనం కొంత పోయింది. నా సిగ్నల్‌కు అది సమ్మతమే.