పొద్దున్నే చదువుకునే గదిలో కెమెరా తప్పనిసరి చేయాలా?

తెల్లవారుజాము (గది నిర్వాహకుడు)

కొత్తవారి కోసం ముందుగా రెండు మాటలు. హన్మకొండ, కాజీపేట, వరంగల్ చుట్టుపక్కల గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదువుకునే మనమంతా ఉదయం 5 నుంచి 8 దాకా బ్రౌజర్‌లో ఒక వీడియో గది లింకు తెరిచి కూర్చుంటాం. యాప్ దించుకోనక్కర్లేదు, ఫోను నంబరు ఇవ్వనక్కర్లేదు, పేరు రాసి లోపలికి రావడమే. మైకులు మూసే ఉంటాయి. 50 నిమిషాలు చదువు, 10 నిమిషాలు విరామం. సందేహాలుంటే ఆ విరామంలో చాట్‌లో రాసుకుంటాం. కెమెరా ఇష్టమైనవారు పెట్టుకుంటారు, లేనివారు లేదు.

పోయిన వారం ఒక అమ్మాయి పుస్తకం మీద తల వాల్చి నిద్రపోయింది. ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, వేరే గ్రూపులో వెకిలి వ్యాఖ్యతో పెట్టారు. ఆ రోజు నుంచి ఆమె రావడం లేదు. అప్పుడు గదిలో 14 మంది ఉన్నాం. ఆరుగురి ముఖాలు కనబడుతున్నాయి, మిగిలిన ఎనిమిదీ నల్లటి గళ్లు. తీసినవాడు ఆ ఎనిమిది మందిలోనే ఉన్నాడని నా అనుమానం. ఇక మీద కెమెరా తెరవని వారిని రెండు నిమిషాల్లో బయటికి పంపుదామనుకుంటున్నాను. మీరేమంటారు?

నయీంనగర్ పాఠకుడు

పెట్టండి అన్నా, ఈ రోజే పెట్టండి.

గ్రూప్-2 ప్రకటన 783 పోస్టులకు 2022 డిసెంబరులో వచ్చింది. వాయిదా మీద వాయిదా పడి పరీక్ష 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. ఆ రెండేళ్లూ మేడ మీద గదిలో ఒక్కణ్నే కూర్చున్నాను. చదివానని చెప్పలేను, పుస్తకం ముందు కూర్చున్నాను, అంతే. ఫోను ఎప్పుడు చేతిలోకి వచ్చేదో తెలిసేది కాదు, తలెత్తి చూస్తే గంట గడిచిపోయేది. ఈ గదిలోకి వచ్చాక మొదటిసారి రాజ్యాంగం పాఠాలు మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేశాను. ఎదుట నలుగురు చదువుతూ కనబడుతుంటే లేచి పోవడానికి మనసు రాదు. నన్ను కూర్చోబెట్టింది ఆ ముఖాలే.

అందుకే అంటున్నాను, తన ముఖం దాచుకుని ఎదుటివారి ముఖాలు చూస్తూ కూర్చోవడం న్యాయం కాదు. నలుగురిలో కూర్చునేవాడు నలుగురికీ కనబడాలి.

కిటికీ పక్క మంచం

అన్నా, ఆ ఫోటోలో ఉన్నది నేను కాదు. కానీ నేనుండేదీ అలాంటి హాస్టల్‌లోనే. మా గది ఎలా ఉంటుందో చెబుతాను.

పది అడుగుల గదిలో నాలుగు మంచాలు. బల్ల లేదు. ఉదయం ఐదింటికి మంచం మీదే దిండు ఒళ్లో పెట్టుకుని, దాని మీద లాప్‌టాప్ పెట్టుకుంటాను. నా వెనక మంచం మీది అమ్మాయి రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంటుంది, దుప్పటి ఎటు జారిందో ఆమెకు తెలియదు. ఐదున్నరకు నర్సింగ్ చదివే అమ్మాయి స్నానం చేసి వచ్చి బీరువా తెరుస్తుంది. ఆ బీరువా సరిగ్గా నా వెనకే ఉంది.

ఒక రోజు తెర మీద నా గడిలో, నా భుజం వెనక ఆమె తడి చెయ్యి కనబడింది. లాప్‌టాప్ మూత గబుక్కున దించేశాను. ఎంతసేపు కనబడిందో, ఎవరు చూశారో ఈ రోజుకీ తెలియదు. సాయంత్రం దాకా ఆగి ఆమెకు చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తన చున్నీ ఒకటి తీసి బీరువా పిడి నుంచి కిటికీ ఊచకు అడ్డంగా కట్టింది. ఆ చున్నీ ఇంకా అక్కడే ఉంది. మర్నాటి నుంచి నేను కెమెరా తెరవలేదు.

కెమెరా నాదే కావచ్చు, అందులో పడే గది నలుగురిది. నేను సరేనంటే ఆ ముగ్గురూ సరేనన్నట్టేనా? మీరు చెబుతున్న నల్లటి గళ్లలో ఒకటి నాది. ఫోటో తీసినవాడి మీద కోపంతో మీరు నియమం పెడితే, రెండు నిమిషాల్లో బయటికి పోయేది వాడు కాదు, నేను.

కాజీపేట నెట్‌వర్క్

నిర్వాహకుడు గారి అనుమానం మీదే నా అభ్యంతరం. నా పనే ఇది కనుక కొంచెం విడమరచి రాస్తాను.

ఇలాంటి గదులు ఒకప్పుడు బ్రౌజర్‌లో వీడియో నడిపే ఫ్లాష్ అనే ప్రోగ్రాము మీద నడిచేవి. 2020 డిసెంబరు 31తో అడోబి దానికి మద్దతు ఆపేసింది. ఇప్పుడు నడిపిస్తున్నది బ్రౌజర్ల మధ్య నేరుగా వీడియో, మాట పంపే వెబ్‌ఆర్‌టీసీ అనే సాంకేతికత. గూగుల్ దాన్ని 2011లో అందరికీ విడుదల చేసింది, 2021 జనవరిలో వెబ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. ఇందులో మీరు అనుమతి ఇవ్వనిదే బ్రౌజర్ కెమెరా తెరవదు. దారిలో ఎవరైనా దొంగిలించినా అర్థం కాకుండా వీడియో సంకేతాలుగా మారి వెళ్తుంది. అంతవరకు భరోసా ఉంది. అయితే దారిలో భద్రంగా ఉన్నది చేరిన చోట కూడా భద్రంగా ఉంటుందని లేదు. బొమ్మ అవతలివారి తెర మీదకు వచ్చాక స్క్రీన్‌షాట్ తీస్తే మన గదికి తెలియదు. ఇంకో ఫోను ఎదురుగా పెట్టి తీస్తే వాళ్ల కంప్యూటర్‌కే తెలియదు. ఆ రోజు తీసింది నవ్వుతూ కనబడుతున్న ఆరుగురిలో ఒకరు కాదని ఎలా చెప్పగలం?

ఇంకో సంగతి. ముందే రికార్డు చేసిన వీడియోను కెమెరాలా చూపించే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. బ్రౌజర్‌కు అది మామూలు కెమెరాలాగే కనబడుతుంది. అమ్మాయి వీడియో నడిపి, ఎదుటివారి దృశ్యం రికార్డు చేసి, డబ్బు కోసం బెదిరించే ముఠాలు వాడేది ఇలాంటి కిటుకులే. దురుద్దేశం ఉన్నవాడికి మీ నియమం అడ్డమే కాదు. హాస్టల్ అమ్మాయికి మాత్రం అది గోడ.

డేటా లెక్క కూడా చూడండి. మన గదిలో సర్వర్ మధ్యవర్తిగా ఉండదు, ప్రతి ఒక్కరి వీడియో మిగిలిన అందరికీ నేరుగా వెళ్తుంది. 14 మందీ కెమెరా పెడితే ఒక్కొక్కరూ 13 మందికి పంపాలి, 13 మంది నుంచి అందుకోవాలి. చిన్న గడికి సెకనుకు 200 కిలోబిట్లే అనుకున్నా ఒక్కో వీడియోకు గంటకు 90 ఎంబీ. పంపేదీ అందుకునేదీ కలిపి 26 వీడియోలకు 2.3 జీబీ దాటుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేసుకున్న పిల్లవాడికి 40 నిమిషాలు నిండకముందే డేటా అయిపోతుంది. ఇంట్లో వైఫై ఉన్నవాళ్లే మిగులుతారు.

నేరుగా కలిసే పద్ధతిలో అవతలివారికి మన ఐపీ చిరునామా కూడా కనబడుతుంది. దానితో ఇల్లు దొరకదు గానీ ఏ కంపెనీ నెట్ వాడుతున్నామో, సుమారుగా ఏ ఊరో తెలుస్తుంది. ముక్కూ మొహం తెలియనివారిని రానిచ్చేటప్పుడు ఇదీ గుర్తుంచుకోవాలి.

మెట్‌పల్లి అమ్మ

నేను పరీక్షలు రాసేదాన్ని కాదు, మా అమ్మాయి మీ గదిలోకి వస్తుంది. హన్మకొండలో హాస్టల్‌లో ఉంటుంది.

కెమెరాను పాపంలా మాట్లాడకండి నాయనా. మా ఆయన పదకొండేళ్లుగా దుబాయిలో ఉన్నారు. అక్కడ వాట్సాప్ కాల్ కలవదు, అనుమతి ఉన్న యాప్‌కు నెలనెలా డబ్బు కట్టి మాట్లాడతారు. చిన్నదానికి చెవులు కుట్టించిన రోజూ, మా అత్తమ్మ చివరి రోజులూ ఆయన అందులోనే చూశారు. పసుపు తవ్వేటప్పుడు ఫోను చేను గట్టు మీద పెట్టమంటారు. మాట్లాడరు, ఊరికే చూస్తూ అన్నం తింటారు. నయీంనగర్ బాబు చెప్పినది నాకు బాగా అర్థమైంది. మనిషి కనబడితే ఉండే ధైర్యం వేరు.

కానీ నా ఫోనులో అవతల ఉన్నది ఎవరో నాకు తెలుసు. మీ గదిలో ఎవరున్నారో మీకు తెలియదు. పేరు రాసి వస్తే చాలని మొదటి మాటలోనే రాశారు. మా కొట్టంలో బర్రెలకైనా రాత్రి గొళ్లెం పెడతాం. కెమెరా సంగతి తర్వాత, ముందు ఆ తలుపు దగ్గర ఎవరుంటారో చెప్పండి.

సుబేదారి న్యాయవాది

క్లుప్తంగా చెబుతాను. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 77 ఉంది. ఎవరూ చూడరన్న నమ్మకంతో స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పటి దృశ్యాన్ని చూడటం, తీయడం, పంచడం దాని కింద నేరం. తీయడానికి ఒప్పుకున్నా పంచడానికి ఒప్పుకోకపోతే పంచడమూ నేరమే. బీరువా దగ్గరి అమ్మాయి విషయంలో ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే, అందులో ఏం కనబడిందన్న దాన్ని బట్టి ఇది వర్తించే అవకాశం ఉండేది. ఒప్పుకోలు లేకుండా శరీర రహస్య భాగాల దృశ్యం తీసినా, పంచినా ఐటీ చట్టం సెక్షన్ 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

నిద్రపోతున్న ముఖం ఫోటో ఈ రెండింటి కిందికీ నేరుగా రాకపోవచ్చు. దానితో పెట్టిన వ్యాఖ్య ఆమె గౌరవాన్ని కించపరిచేలా ఉంటే సెక్షన్ 79 చూడాలి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది పూర్తిగా ఆ అమ్మాయి ఇష్టం, ఆమె తరఫున మనం తొందరపడకూడదు. ఆ పోస్టు, పెట్టిన సమయం, పెట్టినవారి నంబరు మాత్రం చెరిగిపోకముందే దాచి ఆమెకు అందజేయండి. స్త్రీల రక్షణకు పోలీసుల షీ టీమ్ ఉంది, సైబర్ నేరాల సహాయ నంబరు 1930 ఉంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

కిటికీ పక్క మంచం

నిన్న ఒకటి ప్రయత్నించి చూశాను. ఫోనును రెండు లావుపాటి పుస్తకాల మధ్య వంచి నిలబెట్టి, కెమెరా కిందికి చూసేలా పెట్టాను. నోటుబుక్కు, కలం, స్టీలు గ్లాసు, నా కుడి చెయ్యి మాత్రమే కనబడ్డాయి. గోళ్లకు పాత గోరింటాకు కూడా కనబడింది, అది చూస్తే చూశారు. నేను రాస్తున్నానో ఆగానో మీకు తెలుస్తుంది, నా వెనక ఎవరున్నారో తెలియదు. పెట్టే ముందు మా గదిలో ముగ్గురినీ అడిగాను.

నయీంనగర్ పాఠకుడు

చెల్లీ, నీ గది గురించి చదివాక తప్పనిసరి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను మా మేడ గదిని తలుచుకుని రాశాను, నాలుగు మంచాల గది నాకు తట్టలేదు.

కానీ నోటుబుక్కు కనబడితే చాలని మాత్రం ఒప్పుకోలేను. పోయిన నెల మా నాన్నను ఆసుపత్రిలో చేర్చి, రాత్రంతా మేలుకుని, అలాగే వచ్చి గదిలో కూర్చున్నాను. విరామంలో ఎవరో చాట్‌లో రాశారు, "అన్నా, కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఇంట్లో అందరూ బాగున్నారా?" అని. ఆ రోజు నన్ను అలా అడిగినవారు ఇంకెవరూ లేరు. చెయ్యి చూసి ఆ మాట ఎవరూ అడగలేరు. నా ముఖం నేను తెరిచే ఉంచుతాను.

తెల్లవారుజాము (గది నిర్వాహకుడు)

ముందుగా ఆ ఎనిమిది మందికీ క్షమాపణ. ఆధారం లేకుండా అందరినీ ఒకే గాటన కట్టాను.

కెమెరా తప్పనిసరి చేయడం లేదు. ముఖం చూపించాలా, నోటుబుక్కు చూపించాలా, ఏదీ వద్దా అన్నది ఎవరికి వారే నిర్ణయించుకోండి. ఒకేసారి ఆరుకు మించి కెమెరాలు తెరుచుకోకుండా పరిమితి పెట్టాను, కాబట్టి డేటా ఖర్చు అందరికీ తగ్గుతుంది. మెట్‌పల్లి అమ్మ గారు అడిగినదే నన్ను ఎక్కువగా కలచివేసింది. తలుపు దగ్గర ఇన్నాళ్లూ ఎవరూ లేరు. ఇక లింకు తెరిచినవారు బయట ఆగాలి, నేను గానీ ఇంకో ఇద్దరు అక్కలు గానీ అనుమతిస్తేనే లోపలికి వస్తారు. ఎవరికీ తెలియని పేరైతే, మనలో ఒకరు ఫోనులో మాట్లాడిన తర్వాతే.

న్యాయవాది గారు చెప్పినట్టు ఆ పోస్టు వివరాలు దాచి, స్నేహితురాలి ద్వారా ఆ అమ్మాయికి పంపాను. ఇంకా జవాబు రాలేదు.

రేపు ఐదింటి నుంచి పాత లింకు పనిచేయదు. కొత్తది కావలసినవారు ఈ రాత్రి లోపల నాకు విడిగా రాయండి.