పాత పాటలు వదలవు, కొత్తవి ఎక్కవు. మీకూ ఇంతేనా?

మంద్రస్థాయి
నాకు 46. మొన్న మా అమ్మాయి తన హెడ్‌ఫోన్స్ తెచ్చి నా చెవులకు పెట్టి "నాన్నా, ఇది విను" అంది. అర నిమిషం విని "ఏంటమ్మా ఈ గోల, మాటలే అర్థం కావట్లేదు" అనేశాను. ఏమీ అనకుండా తీసుకుని వెళ్లిపోయింది. దాని మొహం చూశాక గుర్తొచ్చింది, నా పాటల గురించి మా నాన్నా అచ్చం ఇదే మాట అనేవారు. ఆయనకు చెవే లేదనుకునేవాణ్ణి అప్పట్లో. మన అభిరుచి ఒక వయసు దగ్గర ఆగిపోతుందా? మీకెలా ఉందో చెప్పండి.

క్యాసెట్ కాలం
ఆగిపోవడం కాదు గానీ, ఒక వయసు పాటలు మాత్రం గట్టిగా పట్టుకుంటాయండీ. హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు 1989లో ప్రచురించిన అధ్యయనంలో రకరకాల వయసుల వాళ్లకు వేర్వేరు కాలాల పాటలు వినిపిస్తే, సగటున తమకు 23.5 ఏళ్లున్నప్పటి పాటలకే అందరూ ఎక్కువ మొగ్గారు.

నాకు అది ఇంకాస్త ముందే జరిగింది. హాస్టల్ గదిలో ఒకే ఒక క్యాసెట్ ఉండేది. ఒకసారి టేపు ఇరుక్కుపోతే లాగి, పెన్సిల్ పెట్టి తిప్పి సరిచేశాం. అప్పట్నుంచి రెండో చరణం మొదట్లో గాయని గొంతు ఒక్క క్షణం సాగేది. ఇప్పుడు అదే పాట ఫోన్లో శుభ్రంగా వస్తుంది. ఆ చోటు రాగానే నా చెవి ఆ సాగుడు కోసం చూస్తుంది. రాదు. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేసినట్టుంటుంది. అంత గొప్ప పాటా అంటే చెప్పలేను. ఆ గదిలో నలుగురం ఉండేవాళ్లం.

మూడో చరణం
క్యాసెట్ కాలం గారూ, ఆ ఎదురుచూపే అసలు సంగతి. పాట వింటే ఒళ్లు గగుర్పొడిచేవాళ్లను ఎంచుకుని మాంట్రియల్ పరిశోధకులు మెదడు స్కాన్లు తీశారు, ఆ అధ్యయనం 2011లో వచ్చింది. ఆ ఘట్టం వచ్చినప్పుడే కాదు, వస్తోందని తెలిసిన ముందు సెకన్లలో కూడా డోపమైన్ (ఆనందంతో ముడిపడిన మెదడు రసాయనం) విడుదలైంది, అదీ మెదడులో వేరే చోట. తెలిసిన పాటలో రెండుసార్లు ఆనందం అన్నమాట. కొత్త పాటలో ఎక్కడ ఎదురుచూడాలో మనకు తెలియదు. గోలగా వినపడేది అందుకేనని నా నమ్మకం.

పరిచయం పెరిగితే ఇష్టం పెరుగుతుందని 1968లోనే రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించారు. అర్థం లేని మాటలు, తెలియని ముఖాలు పదేపదే చూపించినా చాలు, వాటి మీద మంచి అభిప్రాయం కలిగింది. కానీ దీనికీ హద్దుంది. నాకు ప్రాణమైన పాటను అలారంగా పెట్టుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే, ఆ మొదటి నాలుగు స్వరాలు ఎక్కడ వినపడినా కడుపులో దేవినట్టు అవుతోంది. అలారం మార్చి మూడేళ్లయింది, పాట తిరిగి రాలేదు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

నిశ్శబ్దం
ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు ఏ పాటా ఎక్కదు. వినపడుతుంది, శ్రుతి తప్పితే తెలుస్తుంది, అంతే. అందరూ కళ్లు తుడుచుకుంటున్న చోట నేను గడియారం చూసుకుంటాను. "రాతిగుండె" అని ఇంట్లోవాళ్లే అన్నారు. 2014లో బార్సిలోనా వాళ్ల అధ్యయనం చదివాకే కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అందులో కొందరు, డబ్బు గెలిచే ఆటలో అందరిలాగే స్పందించారు. సంగీతానికి మాత్రం గుండె వేగంలో గానీ చర్మంలో గానీ మార్పు లేదు. వినికిడి బాగానే ఉంది. దిగులూ లేదు. అచ్చం నేనే.

క్యాసెట్ కాలం
మీరు చెప్పినందుకు సంతోషం. మా తమ్ముణ్ణి నేనూ ఇదే విషయంలో చాలాసార్లు మాటలన్నాను. ఈ రాత్రికి ఫోన్ చేస్తాను.

ఒంటి చెవి
నచ్చడం నచ్చకపోవడం మన చేతుల్లోనే ఉందా అని నా అనుమానం. 2006లో వచ్చిన అధ్యయనంలో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు 14,000 మందికి పైగా జనానికి ఎవరూ వినని 48 పాటలు ఇచ్చారు. ఇతరులు ఏవి డౌన్‌లోడ్ చేసుకున్నారో కనపడనిచ్చిన గుంపుల్లో, ఒక్కో గుంపులో ఒక్కో పాట పైకి లేచింది. పాటలు మాత్రం అవే.

కాలేజీలో మా స్నేహితులు ఎగతాళి చేసే గాయకుడొకరు ఉండేవారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేవాణ్ణి. రాత్రి దుప్పటి ముసుగులో ఆయన్నే వినేవాణ్ణి. ఇప్పటికీ ఆయన పాట వస్తే ముందు చెయ్యి సౌండ్ తగ్గించడానికే వెళ్తుంది.

మంద్రస్థాయి
అందరివీ చదివి, నిన్న రాత్రి అమ్మాయి దగ్గరికి వెళ్లి "ఆ పాటలో నువ్వు ఏ చోటు కోసం చూస్తావమ్మా" అని అడిగాను. కాసేపు అనుమానంగా చూసింది. తర్వాత పక్కన కూర్చుని ఇయర్‌ఫోన్ ఒకటి నాకిచ్చింది. రెండో నిమిషం దాటాక వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, పాడే అమ్మాయి ఊపిరి తీసుకున్న చప్పుడు వినపడుతుంది. అది రాకముందే మా అమ్మాయి వేలు పైకెత్తింది. మూడుసార్లు విన్నాం. నాలుగోసారి నేనూ ఎత్తాను. ఆ తర్వాత వచ్చే డ్రమ్స్ మాత్రం ఇంకా ఎక్కలేదు. ఆ మాటా దానికి చెప్పాను.