సమస్యాపూరణం: ‘చక్రహీనుఁ డయ్యెఁ జక్రధరుఁడు’

పలకబలపం (సమస్య ఇచ్చినవారు):

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలూ మీరు రాయాలి.

*చక్రహీనుఁ డయ్యెఁ జక్రధరుఁడు*

విష్ణువు మీద రాస్తే కాదనను. కానీ నేను అడుగుతున్న చక్రం వేరు, ఆటల డిస్కు. రెండు నెలలుగా మా మనవడు చెవిలో జోరీగలా ఒకటే గోల. సోనీ వారు 2024 సెప్టెంబర్ 10న పీఎస్5 ప్రో (ప్లేస్టేషన్ 5 ప్రో) అనే కొత్త ఆటల పెట్టెను ప్రకటించారు. దాన్ని రూపొందించిన మార్క్ సెర్నీ తొమ్మిది నిమిషాల పాటు దాని గొప్పలు వివరించాడు. చివర్లో ధర బయటపెట్టారు: 699.99 డాలర్లు. అంత పోసినా డిస్కు పెట్టుకునే డ్రైవు అందులో ఉండదు. కావాలంటే 79.99 డాలర్లతో విడిగా కొనుక్కోవాలి. నిలబెట్టే స్టాండుకు మళ్ళీ వేరే డబ్బు. 2020లో మొదటి పీఎస్5 డిస్కు డ్రైవుతో కలిపి 499.99 డాలర్లకు వచ్చింది కాబట్టి, ఆటగాళ్ళు ఉసూరుమన్నారంటే ఉసూరుమనరూ?

ఆ ఉసూరును పద్యంలో వినాలని ఉంది. బేసి పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాలకు అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. ఇంగ్లీషు మాట గణంలో ఇమిడితే నాకు అభ్యంతరం లేదు.

వేపచెట్టు:

నాకు ఆ పెట్టెల సంగతి తెలియదు గురువుగారూ. పాత దారిలోనే వెళ్ళాను.

*మాట యిచ్చి శౌరి మానె నాయుధమును*
*తేరు నడుప నరుని దిక్కు నిలిచె*
*పగ్గములనె దాల్చి పార్థుని ముంగిట*
*చక్రహీనుఁ డయ్యెఁ జక్రధరుఁడు*

పలకబలపం:

నిర్దోషం. ‘పగ్గములనె’ అన్నప్పుడు ఆ చివరి ‘ఎ’ చేసిన పని చూడండి: పగ్గాలే, మరేమీ కాదు. ఒక్క అక్షరంతో చక్రం చేతిలోంచి జారిపోయింది.

అర్ధరాత్రి ఆటగాడు:

అన్నగారూ, పద్యం బాగుంది. కానీ భీష్ముడు మరీ విజృంభించిన రోజున ఆ శౌరే రథం మీది నుంచి దూకి చక్రం పట్టాడు కదా. ఆయనకు కావాలనుకున్న క్షణంలో చక్రం చేతికి వచ్చింది, ఉచితంగా. మాకు ఎనభై డాలర్లు.

నా పూరణ:

*ఏడు వంద లిచ్చి యింటికిఁ దెచ్చిన*
*బిళ్ళ పెట్టు చోటు పెట్టె కేది?*
*దాని కెనుబ దిచ్చి తగిలించుకొనుఁ డంట!*
*చక్రహీనుఁ డయ్యెఁ జక్రధరుఁడు*

పలకబలపం:

డిస్కుకు ‘బిళ్ళ’ అన్న మాట దొరకడమే సగం విజయం. ‘బిళ్ళ – పెట్టె’ యతి కూడా వెతికి తెచ్చినట్లు లేదు, దానంతట అదే వచ్చి కూర్చుంది. మూడో పాదం చదివి మా ఇంట్లో అందరూ నవ్వారు. ‘తగిలించుకొనుఁ డంట’లో వ్యాపారి గొంతు వినిపిస్తోంది.

లోపం ఒకటి ఉంది. ‘తెచ్చిన బిళ్ళ’ అని కలిపి చదివే ప్రమాదం. తెచ్చినది పెట్టె కదా, బిళ్ళ కాదు. విశేషణం పక్కింటి విశేష్యాన్ని పట్టుకుంది. ‘యింటికిఁ దెచ్చితి’ అనండి. గణం చెడదు, వాక్యం అక్కడే ఆగుతుంది.

అర్ధరాత్రి ఆటగాడు:

మార్చాను మాస్టారూ. కానీ ‘తెచ్చితి’ అంటే నేను కొన్నట్లు అబద్ధం ఆడినట్లే. అది మన దేశంలో అమ్మకానికే రాలేదు.

పలకబలపం:

పద్యంలో ‘నేను’ అన్నవాడు కవే కానక్కరలేదు. లేకపోతే విరహ పద్యాలు రాసిన వారందరికీ విడాకులు అయి ఉండాలి.

చిల్లరకొట్టు:

ధర సంగతి సరే. అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో నేను చెప్తాను. నాలుగైదు వేలు పెట్టి కొత్త ఆట డిస్కు కొంటాం. నెల రోజులు ఆడతాం. ఆ తరువాత కొంత తగ్గించి ఇంకొకరికి అమ్ముతాం, ఆ డబ్బుకు కాస్త కలిపి మరో ఆట. ఇలాగే నా చదువు రోజులు గడిచాయి. నెట్టులో కొన్న ఆటను ఎవరికి అమ్మగలం? అది మన ఖాతాకు అంటుకుని ఉంటుంది, తమ్ముడికి ఇవ్వడానికి కూడా రాదు.

*ఆట ముగియ నమ్మి యా సొమ్ముతోఁ గొత్త*
*యాట గొనెడివాఁడ నల్లనాఁడు*
*చేతి బిళ్ళ పోయెఁ జిల్లరయును బోయె*
*చక్రహీనుఁ డయ్యెఁ జక్రధరుఁడు*

పలకబలపం:

ఇంతవరకు వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ‘చేతి బిళ్ళ’ అనగానే డిస్కూ గుర్తుకొస్తుంది, రూపాయి బిళ్ళా గుర్తుకొస్తుంది. వెంటనే ‘చిల్లర’ రావడంతో రెండో అర్థానికి ఊతం దొరికింది. శ్లేష అని మీరు చెప్పుకోలేదు, అందుకే మరింత అందం.

కాకపోతే ‘కొనెడివాఁడను’ ఉత్తమ పురుష. చివర ‘చక్రధరుఁడు అయ్యె’ అనేసరికి ప్రథమ పురుష. ఒకే మనిషి రెండు పాదాలు దాటగానే వేరే మనిషి అయిపోయాడు. ‘యాట గొనెడివాఁడె యల్లనాఁడు’ అంటే సరిపోతుంది. యతి ‘యా – య’గా అలాగే నిలుస్తుంది.

చిల్లరకొట్టు:

‘వాఁడె’ అంటే ఇంకా బాగుంది గురువుగారూ. ‘వాడేనా వీడు!’ అని జాలి కూడా పుడుతోంది.

సన్నజాజి:

నాకు డిస్కు దిగులు లేదు. ఆ తొమ్మిది నిమిషాల వీడియో చూశాను. తెర మీద పక్కపక్కన రెండు బొమ్మలు పెట్టి, ఎడమది పాత పెట్టె, కుడిది కొత్త పెట్టె అని, మూలలను పెద్దవి చేసి మరీ చూపించారు. నేను చూసింది ఫోనులో. నాకు రెండూ కవల పిల్లల్లాగే కనిపించాయి.

*రెండు బొమ్మ లుంచి రెంటికి భేదమ్ము*
*కాంచలేము మేము కన్ను లరుగ*
*పుణ్యపురుషులార భూతద్ద మిండయా*
*చక్రహీనుఁ డయ్యెఁ జక్రధరుఁడు*

పలకబలపం:

అమ్మా, మొదటి మూడు పాదాలూ చక్కగా ఉన్నాయి. ‘భూతద్దము’ను ఇంద్రగణంలో సర్దడం అందరికీ చేతకాదు, సూర్యగణంలో అది పట్టనే పట్టదు. కానీ సమస్యకూ దీనికీ చుట్టరికం లేదు. నాలుగో పాదం పిలవని పేరంటానికి వచ్చి ఓ మూల కూర్చున్నట్లు ఉంది. ఇది పూరణగా నిలవదు, విడి పద్యంగా నిలుస్తుంది. చివరి పాదం ఇలా మార్చి దాచుకోండి:

*కాసు పెట్టి కొనిన కాంతిఁ జూడ*

సన్నజాజి:

‘భూతద్ద మిండయా, కాసు పెట్టి కొనిన కాంతిఁ జూడ.’ అయ్యో, ఇది నేను రాయవలసింది!

గట్టుమీద కొంగ:

అందరూ ఒకే వైపు మొగ్గితే ఎలా? ఇంతకు ముందు చాలా ఆటల్లో బొమ్మ నాణ్యంగా కావాలంటే సెకనుకు 30 ఫ్రేములతో సరిపెట్టుకోవాలి, కదలిక నున్నగా 60 ఫ్రేములతో కావాలంటే బొమ్మ కొంత మసకబారుతుంది. రెండూ ఒకేసారి ఇవ్వడానికే ఈ పెట్టె. చిత్రాలను గీసే వేగం 45 శాతం పెరిగింది, నిల్వకు 2 టెరాబైట్లు. పెద్ద టీవీ ముందు కూర్చున్నవారికి తేడా తెలుస్తుంది, ఫోనులో చూసి తీర్పు చెప్పకూడదు. పైగా డిస్కులు కొనడం మానేసి ఎన్నో ఏళ్ళయినవారు బోలెడుమంది.

*మేఘమందె యాట మెండుగా దొరుకంగఁ*
*జేతి బరువు లేల శ్రీధరునకు?*
*తానె మేఘమైన దైవమ్ము గావునఁ*
*జక్రహీనుఁ డయ్యెఁ జక్రధరుఁడు*

పలకబలపం:

నేను మీ వాదంతో ఏకీభవించను. పద్యానికి మాత్రం లేచి నిలబడుతున్నాను. మేఘశ్యాముడు కాబట్టి మేఘంలోనే, అంటే నెట్టు ‘క్లౌడ్’లోనే, ఆటలు, అందుచేత చక్రం అక్కరలేదు! మిగిలినవారంతా చక్రం పోయిందని ఏడిస్తే, పోవడానికి కారణం చూపింది మీరొక్కరే. సమస్యను నిజంగా ‘పూరించడం’ అంటే ఇది.

అర్ధరాత్రి ఆటగాడు:

చిన్న మాట. నెట్టు నుంచి దించుకున్న ఆట మేఘంలో ఉండదు కొంగగారూ, పెట్టెలోనే ఉంటుంది. ఆ 2 టెరాబైట్లు ఎందుకు మరి?

గట్టుమీద కొంగ:

వాన మేఘంలోంచే కదా దిగేది.

పలకబలపం:

కొంగగారికే మార్కు.

కొత్తకలం:

అందరికీ నమస్కారం. ఇది నా మూడో పద్యం, తప్పులుంటే మన్నించండి. ఈ పెట్టెలోని వైఫై 6 గిగాహెర్ట్జ్ తరంగాలను వాడుతుందట, మన దేశంలో ఆ తరంగాలకు అప్పటికి అనుమతి లేదు, కాబట్టి ఇక్కడ అమ్మడం లేదని సోనీ వారు 2024లో చెప్పారు. అమెరికాలో కొన్నవారు అక్కడ తిట్టుకుంటున్నారు. మనకు తిట్టుకునే యోగం కూడా లేకుండా పోయింది.

*ఆరు గిగల తరఁగ కనుమతి లేదని*
*మన గడపకు రాక తిరిగి పోయె*
*రాని చుట్టమునకు రాగిచెం బేటికి?*
*చక్ర ముండె నేమి జారె నేమి!*

పలకబలపం:

రెండో పాదంలో యతి తప్పింది. ‘మన’లో ‘మ’కు ‘తిరిగి’లో ‘తి’ చెల్లదు. ‘మాయమాయె’ అనండి, ‘మ – మా’ సరిపోతుంది, అర్థం కూడా చిక్కనవుతుంది. ‘రాని చుట్టమునకు రాగిచెంబు’ సామెతలా ఉంది. ఎక్కడైనా విన్నారా, మీ సొంతమా? సొంతమైతే గట్టివారే.

అది సరే గానీ నాయనా, నేను ఇచ్చిన సమస్య ఏది? నాలుగో పాదాన్నే మార్చేశారు!

కొత్తకలం:

చెంబు మా అమ్మమ్మది గురువుగారూ, యతి కోసం రాగిది చేశాను. సమస్య సంగతి అంటారా, పెట్టే రాలేదు, సమస్య మాత్రం వస్తుందా?

వేపచెట్టు:

ఈ పిల్లవాడు బాగుపడతాడు.

అర్ధరాత్రి ఆటగాడు:

సమస్య గీత దాటినవారు ఒకరు ఉన్నారు కాబట్టి నేనూ దాటుతాను. నాకు ఆశాభంగం కొత్త కాదు. 2013 మే 21న మైక్రోసాఫ్ట్ వారు రెడ్మండ్‌లో ఎక్స్‌బాక్స్ వన్ అనే తమ కొత్త ఆటల పెట్టెను చూపించిన రోజు గుర్తుంది. ఆటలు చూద్దామని కూర్చుంటే టీవీ, క్రీడలు, మళ్ళీ టీవీ. పైగా రోజుకొకసారి నెట్టుకు తగలకపోతే ఆట ఆగుతుందని, వాడిన డిస్కుల అమ్మకాలకు ఆంక్షలని తెలిసింది. నెట్టు లేనివారి మాటేమిటని అడిగితే, వారికి ఎక్స్‌బాక్స్ 360 అనే పాత పెట్టె ఉంది కదా అన్నాడు అప్పటి ఎక్స్‌బాక్స్ విభాగం అధిపతి డాన్ మాట్రిక్. అప్పటి కోపం ఇప్పుడు కందంగా వచ్చింది.

*పెట్టియ టీవీకైతే*
*నట్టింటను టీవి యుండె నయ్యా మాకున్*
*గట్టిగ నడిగిన జనులకుఁ*
*బట్టుఁడు పాతదె యటంచుఁ బలికెను దొరయే*

పలకబలపం:

కందంలో ఆరో గణం ‘వియుండె’ జగణం, అవతల ‘యటంచు’ జగణం. లెక్క కుదిరింది. ‘నట్టింటను టీవి యుండె నయ్యా’ అన్నది అచ్చం గడప దగ్గర అమ్మకందారును వెనక్కి పంపే మాట.

గట్టుమీద కొంగ:

పద్యం బాగుంది, సాక్ష్యం బాగాలేదు. పాతది పట్టుకోండి అన్నది టీవీ గురించి అడిగినవారికి కాదు, నెట్టు లేనివారికి. మీ గద్యంలో సరిగ్గానే రాశారు, పద్యంలోకి వచ్చేసరికి మనిషి మీద లేని నేరం మోపారు.

అర్ధరాత్రి ఆటగాడు:

నిజమే, ఒప్పుకుంటున్నాను. మూడో పాదం మార్చాను:

*నెట్టే లేదను జనులకుఁ*
*బట్టుఁడు పాతదె యటంచుఁ బలికెను దొరయే*

చిల్లరకొట్టు:

‘నట్టిల్లు’ పక్కనే ‘నెట్టు’! ద్విత్వ టకారం ఇంగ్లీషు మాటతో కుదరడం నేను ఇదే చూడటం. అన్నట్లు ఆ కథకు ముగింపు కూడా చెప్పండి. జూన్ 19న ఆ నిబంధనలన్నీ వెనక్కి తీసుకున్నారు. జనం తిట్టినందుకు ఫలితం దక్కిన అరుదైన రోజు.

సన్నజాజి:

ఈసారి ఎవరూ ఏమీ వెనక్కి తీసుకోలేదు. అనుకున్న ప్రకారం నవంబర్ 7న దుకాణాల్లోకి వచ్చేసింది.

పలకబలపం:

2013 మాట ఎత్తారు కాబట్టి మా మనవడు ఒక పాత వీడియో తెచ్చి చూపించాడు. ఆ ఏడాది జూన్‌లో ఎక్స్‌బాక్స్ నిబంధనల మీద జనం మండిపడుతున్న సమయంలో సోనీ వారే విడుదల చేశారు. పీఎస్4లో వాడిన ఆటను ఇంకొకరికి ఎలా ఇవ్వాలో నేర్పే పాఠమట. నిడివి అర నిమిషం కూడా లేదు. ఒకాయన డిస్కు డబ్బాను పక్కాయన చేతిలో పెడతాడు, ఆయన థాంక్స్ అంటాడు. అంతే పాఠం. అది చూసి నవ్వి, మళ్ళీ ఈ పీఎస్5 ప్రో ప్రకటన చూసి, నా పూరణ నేనే రాసుకున్నాను.

*చేయి చేయి మార్చి చిత్రమ్ము చూపించి*
*పరుల నవ్వినట్టి పాత ఘనుఁడె*
*పదియు నొకటి యేండ్లు పైఁబడ నిప్పుడు*
*చక్రహీనుఁ డయ్యెఁ జక్రధరుఁడు*

నేను రాసినా తప్పులు వెతకడం ఆపవద్దు.

గట్టుమీద కొంగ:

‘చిత్రమ్ము చూపించి’ కొంచెం పొడిగా ఉంది మాస్టారూ. మిగతాది మా పక్షానికి నొప్పిగానే ఉంది కానీ తప్పు పట్టలేను. డ్రైవు విడిగా దొరుకుతుందని మాత్రం గుర్తు చేస్తున్నాను.

చిల్లరకొట్టు:

ఎనభై డాలర్లకు.

కొత్తకలం:

మన దేశానికి పెట్టే రాలేదు.