వెస్టిజ్ అంటే అవశేషమా, ఆనవాలా?

వెస్టిజ్, రెలిక్, రెమ్నెంట్, ట్రేస్ అనే నాలుగు ఇంగ్లీషు మాటలకీ 'అవశేషం' అని రాసేస్తే సరిపోదా అని నిన్న అడిగారు కదా, సరిపోదనే నా మాట. అనువాదాల్లో ఇలా కనిపించినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ తేడా చెప్పే మాటలు మనకు లేక కాదు, ఉండీ వాడుకోవడం లేదు.

ఒక గోడ అనుకోండి. ఏళ్ల తరబడి వేలాడిన పటాన్ని తీసేశారు. చుట్టూ రంగు వెలిసిపోయింది, పటం ఉన్న మేర మాత్రం నలుచదరంగా పాత రంగు అలాగే ఉంది. ఆ చదరం ట్రేస్. అందులో పటం తాలూకు పిసరు కూడా లేదు, ఒకప్పుడు అక్కడ ఉండేదన్న గుర్తే ఉంది. అదే పటం పగిలిపోయి ఒక్క అద్దం పెంకు మిగిలితే అది రెమ్నెంట్. పటాన్ని గుడ్డలో చుట్టి ఎవరైనా అపురూపంగా దాచుకుంటే రెలిక్. ఒకచోట వస్తువు మిగిలింది, ఇంకోచోట దాని గుర్తు మిగిలింది. మొదటిది శేషం, రెండోది జాడ.

మరి వెస్టిజ్ ఎటువైపు? లాటిన్‌లో వెస్టీగియం అంటే అడుగుజాడ. ఇన్వెస్టిగేట్ కూడా అక్కణ్నుంచి వచ్చిందే, జాడ పట్టుకుని పోవడం. తడి ఇసుకలో పాదముద్ర చూడండి, వేళ్ల గుంటలుంటాయి, మడమ దిగిన లోతు ఉంటుంది, కాలు మాత్రం ఉండదు. దాన్ని పట్టుకుని అవశేషం అంటే ఎలా? శేషమంటే ఉన్నదాంట్లోంచి కొంత పోగా మిగిలిన భాగం. 'అశేష జనం' అన్నా అదే లెక్క, ఒక్కరూ మిగలకుండా అందరూ అని.

వాడుక చూసినా ఇంతే. ఇంగ్లీషులో వెస్టిజ్ చాలాసార్లు 'లేదు' అనే మాటతో కలిసి వస్తుంది, మనమూ 'ఆనవాలు కూడా మిగల్లేదు', 'జాడా పత్తా లేదు' అంటాం. 'సిగ్గు అవశేషం కూడా లేదు' అని ఎవరైనా అనగా విన్నారా?

జీవశాస్త్రంలో వెస్టిజియల్ ఆర్గన్‌ని, అంటే పరిణామంలో పాత పని పోయి చిన్నదై మిగిలిన అవయవాన్ని, అవశేషావయవం అంటారు, అక్కడ మాత్రం నాకు పేచీ లేదు. తిమింగలానికి వెనక్కాళ్లు పోయినా కటి ఎముకలు చిన్నవిగా లోపల నిజంగానే మిగిలాయి, అది ఉత్త గుర్తు కాదు, ఎముకే.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే మాట పాలింప్సెస్ట్. గ్రీకులో 'మళ్లీ గీకినది' అని, పాత రాతను గీకేసి దాని మీదే కొత్తగా రాసిన ప్రతికి ఆ పేరు. ప్రాచీన గ్రీకు గణితవేత్త ఆర్కిమెడిస్ రచనలున్న 10వ శతాబ్దపు తోలు ప్రతిని 13వ శతాబ్దంలో గీకేసి, ఆకుల్ని అడ్డం తిప్పి, పైన ప్రార్థనలు రాసుకున్నారు. 1906లో హైబర్గ్ అనే డెన్మార్క్ పండితుడు ఆ ప్రార్థనల కింద మసగ్గా కనబడే గీతల్ని కూడబలుక్కుని చదివి అవి ఎవరివో పోల్చుకున్నాడు. అడుగున ఉన్న ఆ సిరాని శేషం అనాలా, జాడ అనాలా? రెండూనూ. ప్రతి వరకైతే 'చెరిపి రాసిన ప్రతి' అనొచ్చు, కానీ ఒక ఊరినో, మనిషి జ్ఞాపకాన్నో పాలింప్సెస్ట్‌తో పోల్చినప్పుడు అది అతకదు. ఇంకో మాట తడితే ఇక్కడ రాయండి, ఈ ఒక్కదాని కోసం చాన్నాళ్లుగా వెతుకుతున్నాను.