సామర్థ్య పరీక్షలో మార్కులు తగ్గినవారినే స్వయం ఉపాధి శిక్షణకు పంపాలా? డిగ్రీ కళాశాలల వారి అనుభవాలు కావాలి

కామర్స్ మాస్టారు:
అందరికీ నమస్కారం. గోదావరి ప్రాంతంలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతూ, ఉపాధి విభాగం పని కూడా చూస్తున్నాను. రెండేళ్లుగా మా చివరి సంవత్సరం విద్యార్థులకు ఒక ప్రైవేటు సంస్థ కంప్యూటర్ మీద సామర్థ్య పరీక్ష పెడుతోంది. అందులో ఆంగ్లం, లెక్కలు, తర్కం ఉంటాయి, చివర కొన్ని వ్యక్తిత్వ ప్రశ్నలు ఉంటాయి. ఫలితాలు రంగురంగుల పట్టీలుగా వస్తాయి, వాటిని ఫైలులో పెట్టి తనిఖీకి వచ్చిన వారికి చూపిస్తాము, అంతటితో సరి.

పోయిన ఏడాది ఒక అమ్మాయికి లెక్కల్లో నూటికి 28 వచ్చాయి. వాళ్ల నాన్నగారు ఊళ్లో పాల సేకరణ కేంద్రం నడుపుతారు, సాయంత్రం పూట వెన్న శాతం చూసి ఎవరికి ఎంత రావాలో లెక్క కట్టేది ఆ అమ్మాయే. నాకు అనుమానం వచ్చి పరీక్షలోని మిశ్రమాల లెక్కలాంటిదే ఒకటి తెలుగులో అడిగాను: 40 లీటర్ల పాలలో పదో వంతు నీళ్లున్నాయి, అవి ఐదో వంతు కావాలంటే ఇంకెన్ని నీళ్లు పొయ్యాలి? కాగితం ముట్టుకోకుండానే "ఐదు లీటర్లు సార్, కానీ అలా పోస్తే మా దగ్గర దొరికిపోతారు" అంది. ఆ 28 మార్కులు కొలిచింది లెక్కలనా, ఆంగ్ల వాక్యం చదివే వేగాన్నా అన్నది నాకు అప్పుడు తట్టింది.

ఇప్పుడు అసలు చిక్కు ఏమిటంటే, తక్కువ మార్కులు వచ్చినవారికి ఉద్యోగాలు ఎలాగూ రావు కనుక వారినందరినీ స్వయం ఉపాధి శిక్షణలో చేర్చుదామని మా పైవారు ఆలోచిస్తున్నారు. నాకు ఇది సబబుగా తోచడం లేదు, అయితే ఎదురు చెప్పడానికి అనుభవం చాలడం లేదు. మీ కళాశాలల్లో ఎలా చేస్తున్నారు?

శిక్షణ కేంద్రం నుంచి:
మాస్టారూ, మీ సందేహం సరైనదే. నేను గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో పద్నాలుగేళ్లుగా బోధిస్తున్నాను. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనానే తరువాత బ్యాంకుల ఆధ్వర్యంలో దేశమంతటా జిల్లాలకు విస్తరించింది. మేము అభ్యర్థిని ఎంచుకునేటప్పుడు మార్కుల పట్టీ అడగము. ఇంట్లో ఎవరైనా ఏదైనా అమ్ముతున్నారా, నువ్వు ఎప్పుడైనా బేరం చేశావా, అప్పు ఇచ్చి వసూలు చేసుకోలేక ఊరుకున్నావా అని అడుగుతాము.

ఈ విషయంలో మన గోదావరి జిల్లాలకు ఒక పాత సంబంధం ఉంది, చాలామంది దీన్ని మరచిపోయారు. 1964లో అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ కాకినాడ వ్యాపారులతో ఒక ప్రయోగం చేశారు. హైదరాబాద్ యూసఫ్‌గూడలో ఇప్పుడు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా ఉన్న చోటనే వారికి సాధించాలన్న తపన పెంచే శిక్షణ ఇచ్చారు, పోల్చి చూడడానికి శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులను తీసుకున్నారు. శిక్షణ పొందినవారు ఆ తరువాత కొత్త వ్యాపారాలు, పెట్టుబడుల విషయంలో ఎక్కువ చురుకుగా ఉన్నారని తేలింది. అయితే ఒక హెచ్చరిక చెయ్యాలి. వాళ్లు అప్పటికే కొట్లు నడుపుతున్నవారు, మన ఇరవై ఏళ్ల పిల్లలు కారు. కాబట్టి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టుగా కళాశాలకు అంటగట్టకూడదు.

ఆ సంప్రదాయం నుంచి మేము నేటికీ వాడుతున్నది రింగుల ఆట. నేల మీద ఒక కొయ్య నిలబెట్టి, అడుగడుగుకూ గీత గీసి, ఎక్కడి నుంచి రింగు వేస్తావో నువ్వే తేల్చుకో అంటాము. దూరం పెరిగేకొద్దీ పాయింట్లు పెరుగుతాయి. కొందరు కొయ్య పక్కనే నిలబడి వేస్తారు, కొందరు నలుగురూ చప్పట్లు కొడతారని గోడ దాకా పోతారు. కష్టమైనా అందే దూరాన్ని ఎంచుకునేవారు తక్కువ. నేను చూసేది అంతకంటే చిన్న విషయం: మొదటిసారి తప్పాక మనిషి గీత మార్చుకుంటున్నాడా, లేక పంతానికి అక్కడే నిలబడుతున్నాడా? ఏ కంప్యూటర్ పరీక్షా నాకు ఈ సంగతి చెప్పలేదు.

ఇంజనీరింగ్ కళాశాల, వరంగల్ వైపు:
పరీక్షలను పూర్తిగా తీసిపారేయడం కూడా తప్పే. మేము మొత్తం మార్కును పక్కన పెట్టి, ఏ రకం ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగారో చూస్తాము. శాతాల లెక్క తెలిసి కూడా సమయం చాలక వదిలేసినవారికి, అసలు రానివారికి ఒకే పాఠం చెప్పడం దండగ. ఇంకొక మాట, ఫలితాలను నోటీసు బోర్డులో పెట్టకండి. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక చోట పెట్టారు, 'నాయకత్వం: తక్కువ' అని వచ్చిన ఒక కుర్రాడిని స్నేహితులు ఏడాదంతా ఆ పేరుతోనే పిలిచారు.

వ్యాపార శిక్షణ సంగతికి వస్తే, మా దగ్గర వసతులకు లోటు లేదు. నైపుణ్యాలకు 2014 నుంచి తెలంగాణ ప్రభుత్వ శిక్షణ సంస్థ టాస్క్ ఉంది, కొత్త వ్యాపారాలకు చేయూతనిచ్చే కేంద్రాలుగా 2015లో టీ-హబ్, 2018లో మహిళల కోసం వీ-హబ్ వచ్చాయి. లోపమంతా మేము పంపే జట్లలోనే ఉంది. ప్రతి జట్టూ ఒక యాప్ తయారు చేస్తుంది, దాన్ని ఎవరు కొంటారో ఒక్కరిని కూడా కలిసి అడగదు. అందుకే ఇప్పుడు పదిమంది కొనుగోలుదారుల మాటలు చేతిరాతతో రాసి తెస్తేనే ఆలోచనను వింటున్నాము.

కౌలు రైతు కొడుకు:
క్షమించాలి, ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి నేను అనవలసి వస్తోంది. మా నాన్న అప్పు చేసి నన్ను చదివించింది నెల జీతం కోసం. రెండు రోజుల సదస్సు పెట్టి, 'ఉద్యోగం అడిగేవారు కాకండి, ఇచ్చేవారు కండి' అని చెప్పి పంపితే ఆ అప్పు తీరదు. వ్యాపారంలో నష్టం వచ్చినా తట్టుకోగల ఇల్లు ఉన్నవారికీ, లేనివారికీ ఒకే సలహా ఇస్తున్నారు. తక్కువ మార్కులవారు పేదవారే అయితే, వారినే ముందుగా నష్టం వైపు తోయడం న్యాయమా?

పదవీ విరమణ చేసిన బ్యాంకు మేనేజరు:
బాబూ, నువ్వు అన్నది నిజం. రుణం ఇచ్చిన చేతులతో చెబుతున్నాను కనుక నా మాట కూడా వినండి. విద్యార్థులు తెచ్చే ప్రాజెక్టు నివేదికల్లో సగం ఒకదానికొకటి నకళ్లే, ఊరు పేరు మార్చడం కూడా మరచిపోయినవి చూశాను. ముద్రా పథకం 2015లో వచ్చింది, దానిలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు హామీ ఆస్తి లేకుండా ఇస్తారు. హామీ అక్కరలేదంటే తిరిగి కట్టనక్కరలేదని అర్థం చేసుకున్నవారు కొందరు!

కొత్త యూనిట్లకు సబ్సిడీతో బ్యాంకు రుణం ఇప్పించే ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం మీద ఇంకా పెద్ద అపోహ ఉంది. ప్రాజెక్టు ఖర్చులో, గ్రామీణ ప్రాంతంలో సాధారణ వర్గానికి 25 శాతం, మహిళలతో సహా ప్రత్యేక వర్గాలకు 35 శాతం సబ్సిడీ అనగానే అది చేతికి వస్తుందని అనుకుంటారు. రాదు. మూడేళ్ల పాటు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలిన తరువాత రుణ ఖాతాకు సర్దుబాటు అవుతుంది. సొంత వాటాగా పది శాతం, ప్రత్యేక వర్గాలైతే ఐదు శాతం ముందుగా పెట్టుకోవాలి. ఈ రెండు వాక్యాలు ఏ సదస్సులోనైనా మొదటి గంటలోనే చెబితే, సగం మంది నిజాయితీగా లేచి వెళ్లిపోతారు, అది మంచిదే.

బీకాం మూడో సంవత్సరం:
సార్, మేము ఐదుగురు అమ్మాయిలం కళాశాల ఉత్సవంలో జంతికలు అమ్మాము. 80 పొట్లాలు, ఒక్కోటి 30 రూపాయలు, మొత్తం 2,400. బియ్యప్పిండి, నూనె, వాము, నువ్వులు కలిపి 1,500 అయ్యాయి కనుక 900 లాభమని వేదిక మీద చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాము. సాయంత్రం మేడమ్ గ్యాసుకు 220, కవర్లకు 160, ఆటోకు 200 రాయించారు. లాభం 320కి దిగింది. అప్పుకు ఇచ్చిన పొట్లాల బాకీ 340 తీసేస్తే చేతిలో 20 రూపాయలు తక్కువ పడ్డాయి, రెండు రోజుల మా కష్టం అసలు లెక్కలోనే లేదు. ఆ బాకీదారుల్లో ఎక్కువ మంది అధ్యాపకులే కావడం వల్ల గట్టిగా అడగలేకపోయాము.

సామర్థ్య పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి, అయినా ఆటో ఖర్చు రాయాలని తట్టలేదు. తరువాతి నెలలో మళ్లీ చేశాము, పొట్లం 35 చేశాము, అప్పు మానేశాము. ఉద్యోగం వస్తే చేరుతాను, ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పాను.

కామర్స్ మాస్టారు:
అందరికీ కృతజ్ఞతలు. కౌలు రైతు కొడుకు గారి మాట నన్ను బాగా కదిలించింది, పైవారితో మాట్లాడేటప్పుడు దాన్నే ముందు పెడతాను. శిక్షణకు మార్కులతో పని లేకుండా, ఇష్టపడి వచ్చినవారినే తీసుకుందామని రాస్తున్నాను. ఉద్యోగ ప్రయత్నం మానుకోవాలన్న షరతు ఉండకూడదని కూడా చేర్చాను. ఫలితాల పట్టీని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని పది నిమిషాలు చదివి వినిపిస్తాను, ఆంగ్లం వల్ల పోయిన ప్రశ్నలను తెలుగులో మళ్లీ అడుగుతాను. మా రాష్ట్రంలో 2020–21 నుంచి డిగ్రీలో మొదటి ఏడాది తరువాత సామాజిక సేవా ప్రాజెక్టు ఉంది కదా, ఊళ్లో సర్వేకు వెళ్లే పిల్లలు ఇక్కడ దొరకక పట్నం నుంచి తెచ్చుకుంటున్న వస్తువులేమిటో కూడా ఒక పేజీ రాసుకురావాలని చెబుతాను.

శిక్షణ కేంద్రం వారిని ఒక్క మాట అడగాలి. రింగుల ఆటలో గీతలు ఎంత దూరం దాకా గీయాలి, ఒక్కొక్కరికి ఎన్ని రింగులు ఇవ్వాలి?

శిక్షణ కేంద్రం నుంచి:
మేము పన్నెండు అడుగుల దాకా గీస్తాము, మనిషికి నాలుగు రింగుల చొప్పున రెండు దఫాలు. రెండు దఫాల మధ్య తప్పకుండా విరామం ఇచ్చి, ఈసారి ఎన్ని పడతాయో ముందుగానే కాగితం మీద రాయించండి. ఆట ఎందుకో మాత్రం అయ్యేదాకా చెప్పకండి, చెబితే అందరూ వచ్చి ఆరో గీత మీదే నిలబడతారు.